పచ్చి పరిమళం... కొండెక్కితే!

సెంటు సీసా మూత తీస్తే ఏం వాసన వస్తుంది? ఇంకేముంది, పువ్వుల వాసన! చాలామంది చెప్పే జవాబు ఇదే. కానీ కొన్ని సీసాలు ఆ మాట వినవు. ఒక్కసారి చల్లుకోగానే ముందు ఆకు నలిపిన వాసన, ఆ వెనకే గడ్డి కోసిన వాసన, ఆపైన ఏదో చేదు. పువ్వు జాడే ఉండదు. 'ఇంత డబ్బు పోసి కొన్నది ఇందుకా' అని రాసుకున్నవాళ్లకే అనుమానం వస్తుంది. అరగంట ఓపిక పట్టాలి. అప్పుడు గానీ పువ్వు తలుపు తీయదు. సుగంధాల వ్యాపారంలో వీటిని 'గ్రీన్ ఫ్లోరల్' అంటారు. మన మాటల్లో చెప్పుకోవాలంటే... పచ్చి పూల పరిమళం!

ఇలాంటి సెంటు తీరు తెలియాలంటే అద్దం ముందు నిలబడితే చాలదు. ఒక పూటంతా దాన్ని ఒంటి మీద మోయాలి. అందుకు విశాఖ నుంచి అరకు వెళ్లే రైలును మించిన చోటు లేదు. కింద ఎండ, పైన చలి, మధ్యలో నాలుగు గంటల ప్రయాణం. సెంటు విప్పుకోవడానికీ దాదాపు అంతే సమయం!

ఏటమ్మా ఆ పచ్చి వాసన?

ఓ అత్తాకోడళ్లను ఊహించుకోండి. మార్చి నెలాఖరు. విశాఖ స్టేషన్లో పొద్దున్నే కిరండూల్ పాసింజరు ఎక్కారు. అరకులో చుట్టాలింట్లో రెండు రోజులు ఉండాలని ప్రయాణం. కోడలు బయల్దేరే ముందు మణికట్టు మీద ఒకసారి, మెడ పక్కన ఒకసారి కొత్త సెంటు చల్లుకుంది. పెళ్లిరోజుకి భర్త ఇచ్చిన కానుక. బండి కదిలిందో లేదో అత్తగారు ముక్కు ఎగబీల్చారు.

''ఏటమ్మా అది? తోటకూర కాడ విరిచినట్టు ఆ పచ్చి వాసన ఎక్కణ్నించి వస్తంది?''

''సెంటు అత్తయ్యా. పూల సెంటే.''

''పువ్వులేవీ మరి?''

కోడలి దగ్గర సమాధానం లేదు. కానీ సెంటు తయారుచేసేవాళ్ల దగ్గర ఉంది.

ఏ పరిమళమైనా మూడు మెట్లుగా ఆవిరవుతుంది. తేలికైన అణువులు ముందు ఎగిరిపోతాయి. నిమ్మజాతి తొక్కల వాసనలు, ఆకు వాసనలు ఈ కోవలోవి. పావుగంట, ఇరవై నిమిషాలు... అంతే వాటి ఆయుష్షు. ఆ తర్వాత పూలు వస్తాయి. మల్లె, గులాబీ, సంపెంగ. ఇవి కొన్ని గంటలు నిలుస్తాయి. చివరికి మిగిలేవి బరువైనవి. చెక్కలు, వేళ్లు, బంకలు, నాచు. మర్నాడు చీర మడత విప్పితే వచ్చే వాసన వీటిదే. అత్తగారి ముక్కుకు తగిలింది మొదటి మెట్టు మాత్రమే. పువ్వులింకా లోపలే ఉన్నాయి.

ఇంతకీ ఆకు నలిపితే ఆ పచ్చి వాసన ఎందుకు వస్తుంది? ఆకు తెగిన క్షణాల్లోనే మొక్క కొన్ని రసాయనాలను గాల్లోకి వదులుతుంది. 'హెక్సెనాల్' అనేది వాటిలో ముఖ్యమైనది. గడ్డి కోసినప్పుడు వచ్చే వాసనంతా దాదాపు దానిదీ, దాని తోబుట్టువులదే. గొంగళిపురుగు ఆకు కొరికినా అదే వాసన. ఆ వాసన పట్టుకుని గొంగళిపురుగును తినే కీటకాలు వచ్చి వాలడం శాస్త్రవేత్తలు గమనించారు. అంటే మనం 'ఆహా, తాజాగా ఉంది' అని మురిసిపోయే ఆ పచ్చివాసన... నిజానికి మొక్క పెట్టే కేక!

ఇంగువకు చెల్లెలు

ఈ పచ్చి పరిమళాలకు పెద్ద పేరు తెచ్చిన సీసా 1947లో పారిస్‌లో వచ్చింది. పేరు 'వెంట్ వెర్'. ఫ్రెంచిలో ఆకుపచ్చ గాలి అని అర్థం. బాల్మెయిన్ సంస్థ కోసం జెర్మెయిన్ సెలియే అనే ఆవిడ తయారుచేశారు. అప్పట్లో ఆ రంగంలో ఆడవాళ్లు చాలా అరుదు. తియ్యటి పూల సెంట్ల మధ్య ఆవిడ ఒక చేదు బంకను ధారాళంగా కలిపారు. దాని పేరు గాల్బనమ్. ఇరాన్ కొండల్లో పెరిగే ఒక మొక్క కాండం నుంచి కారే జిగురు అది.

ఆ మొక్క ఎవరి చుట్టమో తెలుసా? మన పోపుల డబ్బాలోని ఇంగువకు! రెండూ 'ఫెరులా' అనే ఒకే ప్రజాతి మొక్కల నుంచే వస్తాయి. ఇంగువను నేరుగా వాసన చూస్తే ముఖం తిప్పుకుంటాం. అదే చిటికెడు నూనెలో పడితే చారుకు ప్రాణం వస్తుంది. గాల్బనమ్ సంగతీ అంతే. విడిగా చూస్తే పచ్చి బఠాణీ, నలిగిన ఆకు, కాస్త మట్టి కలిపినట్టు గుప్పుమంటుంది. పూల మధ్య రవ్వంత పడితే మాత్రం తోటలో నిలబడ్డ అనుభూతి. ప్రసిద్ధమైన 'ఛానెల్ నంబర్ 19'లో ఆ చురుకుదనం దీనిదే. 1970-71 ప్రాంతంలో వచ్చిన ఆ సెంటుకు గాబ్రియెల్ ఛానెల్ పుట్టినరోజు, ఆగస్టు 19 మీదుగా ఆ పేరు పెట్టారు.

కాబట్టి అత్తగారు కూరగాయలు తరిగే పీట గుర్తుచేసుకోవడంలో తప్పేమీ లేదు. ఆవిడ ముక్కు చాలా సరిగ్గా చెప్పింది!

బొర్రా దాటేసరికి...

కొత్తవలస పోయింది. శృంగవరపుకోట పోయింది. బొడ్డవర దగ్గర నుంచి బండి కొండెక్కడం మొదలుపెడుతుంది. కొత్తవలస-కిరండూల్ మార్గం మొదట్లో మనుషుల కోసం వేసింది కాదు. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు చేర్చి జపాన్‌కు పంపడానికి 1960ల్లో కొండలు తొలిచి వేశారు. దారిలో యాభైకి పైగా సొరంగాలు. శివలింగాపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస... ఒక్కో స్టేషనుకూ గాలి చల్లబడుతుంటుంది.

ఈ చల్లదనం సెంటు మీద పనిచేస్తుంది. వేడికి అణువులు త్వరగా ఎగురుతాయి. అందుకే విశాఖ ఎండలో చల్లుకున్న సెంటు మొదట్లోనే గుప్పుమని, తొందరగా చప్పబడుతుంది. అదే కొండ మీద నెమ్మదిగా, కొంచెంకొంచెంగా విప్పుకుంటుంది. శిమిలిగూడ స్టేషను సముద్రమట్టానికి దాదాపు 996 మీటర్ల ఎత్తు. బ్రాడ్‌గేజ్ స్టేషన్లలో దేశంలోకెల్లా ఎత్తైనదని ఒకప్పుడు దానికి పేరు. అక్కడికి వచ్చేసరికి ఆకు వాసన వెనక్కి తగ్గింది. మల్లెలాంటి తెల్లపూల వాసన ముందుకొచ్చింది.

తమాషా ఏమిటంటే... అది కోడలికి తెలియలేదు! ''నాకేం రావట్లేదు అత్తయ్యా, పోయినట్టుంది'' అంటూ సీసా కోసం సంచిలో చెయ్యి పెట్టింది.

''పోవడమేటి? ఇప్పుడే కదా మల్లెచెండు మాదిరి వస్తంది. ఉంచమ్మా, మళ్లీ కొట్టకు'' అని అత్తగారే ఆపారు.

ముక్కుకు ఇది సహజం. ఒకే వాసన చాలాసేపు తగులుతుంటే మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది. వంట చేసేవాళ్లకు పోపు ఘాటు తెలియదు, వీధిలోంచి వచ్చినవాళ్లకు తుమ్ములొస్తాయి. సెంటు రాసుకున్నవాళ్లు అది పోయిందనుకుని మళ్లీ మళ్లీ చల్లుకోవడం వల్లే పక్కవాళ్లకు తలనొప్పి. మీ సెంటు ఉందో లేదో తెలుసుకోవాలంటే మీ ముక్కును కాదు, పక్కవారి ముఖాన్ని చూడాలి!

జడలోనే ఉంది...

పచ్చి ఆకునూ పువ్వునూ కలిపి ఒంటికి పెట్టుకోవడం పారిస్‌వాళ్లు కనిపెట్టిందేనా? ఒక్కసారి పూలబుట్టవాడిని గుర్తుచేసుకోండి. మల్లెల మధ్య మరువం ఎందుకు కడతారు? కనకాంబరాలకు వాసన ఉండదు. మరి కదంబంలో వాటి పక్కన దవనం ఎందుకు చేరుస్తారు? ఒక్క మల్లెలే అయితే సాయంత్రానికి మత్తుగా, బరువుగా మారతాయి. మల్లెలో 'ఇండోల్' అనే పదార్థం ఉంటుంది. కొద్దిగా ఉంటే కమ్మదనం, మోతాదు మించితే కంపు. మరువం, దవనం పక్కనుంటే ఆ బరువు తేలికపడుతుంది. అమ్మమ్మలు దీనికి ఏ పేరూ పెట్టలేదు. దారం తీసుకుని కట్టేశారు, అంతే. ముందు ఆకు, తర్వాత పువ్వు... లెక్క మాత్రం అచ్చంగా గ్రీన్ ఫ్లోరల్‌దే!

దవనం సంగతి మరీ విచిత్రం. దక్షిణాది రాష్ట్రాల్లో పండించే ఈ చిన్న మొక్క నుంచి తీసిన నూనె విదేశీ సెంట్లలోకి వెళ్తుంది. ఒక్కొక్కరి ఒంటి మీద ఒక్కోలా వాసన వేస్తుందని సుగంధాలు తయారుచేసేవాళ్లలో దానికి పేరు.

ఆకుసంపెంగ కూడా ఈ కుటుంబంలో చేర్చదగ్గదే. కొందరు ఫలసంపెంగ అనీ, మనోరంజితం అనీ పిలుస్తారు. పువ్వు విచ్చినప్పుడు ఆకుపచ్చగానే ఉంటుంది. ఆకుల్లో ఆకులా దాక్కుంటుంది. కంటికి కనపడదు, ముక్కుకు మాత్రం పండిన పండులా తెలుస్తుంది. 'ఏ పండును తలుచుకుంటే ఆ వాసన వస్తుంది' అని పెద్దవాళ్లు చెబుతుంటారు. అన్ని పళ్ల వాసనా అందులో ఉండదు గానీ, ముక్కు కన్నా ముందు మనసు వాసన చూస్తుందనడానికి అంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

మూడు రోజుల తెలుపు

అరకులో దిగారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక చుట్టాలబ్బాయి ఇద్దరినీ కాఫీ తోటకు తీసుకెళ్లాడు. పైన సిల్వర్ ఓక్ చెట్లు. వాటిని పట్టుకుని పాకిన మిరియాల తీగలు. ఆ నీడలో కాఫీ మొక్కలు. కొమ్మకొమ్మకూ కణుపుల దగ్గర గుత్తులుగుత్తులుగా తెల్లటి పూలు. ఆకు మీద మంచు పడి గడ్డకట్టిందా అన్నట్టు!

కాఫీ పువ్వు వాసన కాఫీలా ఉండదు. చాలామందికి ఇదే మొదటి ఆశ్చర్యం. మల్లెకు దగ్గరగా, కాస్త నారింజ పువ్వును తలపిస్తూ, వెనక తడి ఆకు పచ్చదనంతో ఉంటుంది. పెరట్లో నూరువరహాల చెట్టు ఉంటుంది కదా, దానిదీ కాఫీదీ ఒకే కుటుంబం. రుచిగా తాగే ఆ నల్లటి చేదు గింజలో ఉందిగానీ, చెట్టు మీద ఉన్నది మాత్రం సీసాలో పట్టాలని అందరూ పాకులాడే పచ్చి పూల పరిమళమే.

కోడలు ఒక గుత్తి దగ్గరకు వంగింది. వాసన చూసింది. మళ్లీ చూసింది.

''అత్తయ్యా, నాకు నా సెంటే వస్తోంది. పువ్వుదేదో, నాదేదో తెలియట్లేదు'' అంది.

ఇందులో ఆశ్చర్యం లేదు. పొద్దుట్నుంచీ మణికట్టు మీద మల్లె వాసన మోసిన ముక్కు అది. అదే జాతి వాసన ఎదురైతే విడదీసి గుర్తుపట్టలేదు. ఒంటికేమీ రాసుకోని అత్తగారు మాత్రం కళ్లు మూసుకుని నిలబడిపోయారు.

ఈ పూలు ఎప్పుడంటే అప్పుడు పూయవు. ఎండాకాలం మొదట్లో మొగ్గలు గట్టిపడి ఎదురుచూస్తుంటాయి. మార్చి, ఏప్రిల్‌లో ఒక మంచి వాన పడాలి. పూత వాన అంటారు దీన్ని. అది పడిన వారం, పది రోజులకు తోటంతా ఒక్కసారిగా విచ్చుకుంటుంది. రెండు మూడు రోజులు ఘుమఘుమలాడి, గోధుమరంగుకు తిరిగి రాలిపోతుంది. ఆ తర్వాత కొన్ని వారాల్లో ఇంకో వాన పడితే పిందె నిలుస్తుంది. ఆ పిందె ఎర్రటి పండు కావడానికి ఎనిమిది తొమ్మిది నెలలు. నవంబరు నుంచి జనవరి దాకా కోతలు. అంటే... ఈ మూడు రోజుల వాసనలో ఓ కుటుంబం ఏడాది సంపాదన దాగుంటుంది.

పాడేరు, అరకు ప్రాంతాల్లో రెండు లక్షలకు పైగా ఎకరాల్లో గిరిజన కుటుంబాలు కాఫీ పండిస్తున్నాయి. ఒక్కో ఇంటిదీ చిన్న చిన్న కమతమే. 2017లో అరకు కాఫీ పేరుతో పారిస్‌లో దుకాణం తెరిచారు. 2019లో 'అరకు వ్యాలీ అరబికా'కు భౌగోళిక గుర్తింపు దక్కింది. సెంట్లకు రాజధాని లాంటి పారిస్‌కు అరకు గింజ చేరింది. పువ్వు మాత్రం కొండ దిగలేదు. ఎందుకంటే పువ్వు కోసి నూనె తీస్తే కాయ ఉండదు. ఈ పరిమళం కావాలంటే ఆ మూడు రోజుల్లో కొండెక్కాల్సిందే. లేదంటే కోయకుండానే పట్టుకోవాలి.

అదీ సాధ్యమే. పువ్వును చెట్టు మీదే ఉంచి, చుట్టూ గాజుబుడ్డి బిగించి, అది వదిలే గాలిని పట్టి అందులో ఏమేం ఉన్నాయో లెక్కకట్టే పద్ధతి ఒకటుంది. పేరు 'హెడ్ స్పేస్'. ఆ లెక్క ప్రకారం ప్రయోగశాలలో వాసనను తిరిగి అల్లుతారు. మల్లె, గులాబీల్లా నూనె ఇవ్వని ఎన్నో పూల వాసనలు సీసాల్లోకి ఇలాగే వచ్చాయి. అయితే వాన, నేల, నీడ... ఇవేవీ ఆ గాజుబుడ్డిలో పట్టవు.

వాసనే కాపు... వాసనే కాపలా

తోటలో వాసన మనుషుల సరదా కోసం పుట్టింది కాదు. అరబికా పువ్వు తనకు తానే ఫలదీకరణం చెందగలదు. అయినా తేనెటీగలు వాలితే కాపు మెరుగవుతుంది. ఆ తేనెటీగలకు దారి చూపించేది ఈ పరిమళమే.

శత్రువులకూ అదే దారి. కాఫీ కాయను తొలిచే పురుగు ఒకటుంది. నువ్వుగింజ కన్నా చిన్నది. కాయలోకి దూరి గింజను డొల్ల చేస్తుంది. ప్రపంచంలో కాఫీ పండే చోట్ల చాలా వరకు దానిదే పెద్ద బెడద. ఎన్నో ఏళ్లుగా దాని ఊసే లేని అరకు ప్రాంతంలో 2025లో అది కనిపించింది. అధికారులు పురుగు పట్టిన తోటల్లో కాయలు కోయించి, వేడినీళ్లలో ముంచి, పాతిపెట్టించే పని చేపట్టారు. ఏడాది కష్టాన్ని కళ్లముందే గోతిలో పూడ్చడం ఏ రైతుకైనా చిన్న బాధ కాదు.

ఈ పురుగు కాయను వెతుక్కునేది వాసన పట్టుకునే. అందుకే దాన్ని పట్టడానికీ వాసననే వాడతారు. రెండు రకాల ఆల్కహాళ్లు కలిపి చిన్న సీసాలో పోసి, ఉచ్చులో వేలాడదీస్తారు. అదే పండిన కాయ అనుకుని పురుగు వచ్చి పడుతుంది. సెంటు సీసాలో పరిమళాన్ని మోసేదీ ఆల్కహాలే. ఒక సీసా అద్దం ముందు, ఒక సీసా కాఫీ కొమ్మకు!

సాయంత్రం మిగిలేది

పొద్దువాలింది. చలి మొదలైంది. కోడలి మణికట్టు మీద ఇప్పుడు ఆకూ లేదు, పువ్వూ లేదు. వానకు తడిసిన చెట్టు బెరడులాంటి వాసన మిగిలింది. అత్తగారు ఆ చెయ్యి పట్టుకుని చూశారు.

''ఇదేటే, వట్టివేరు తడక మీద నీళ్లు చల్లినట్టుంది. ఇంకా ఏదో మసాలా వాసన కూడా.''

ఈసారీ ఆవిడ ముక్కు తప్పలేదు. గ్రీన్ ఫ్లోరల్ సెంట్ల అడుగున వట్టివేరు ఉండటం మామూలే. ఆ మసాలా వాసన 'ఓక్ మాస్'ది కావచ్చు. ఐరోపాలో ఓక్ చెట్ల బెరడు మీద పెరిగే నాచులాంటిది అది. మనం బిర్యానీలో వేసే రాతిపువ్వు కూడా ఆ కుటుంబానిదే. అయితే ఓక్ మాస్‌లోని రెండు పదార్థాలు కొందరికి చర్మంపై దద్దుర్లు తెస్తాయని 2017లో ఐరోపా సమాఖ్య వాటిని సౌందర్య సాధనాల్లో నిషేధించింది. అందుకే పాత సెంటును మళ్లీ కొన్నవాళ్లు 'ఇది ఆ వాసన కాదే' అంటే అది భ్రమ కానక్కరలేదు.

రాసుకునేవారు ఇవి గుర్తుంచుకుంటే మంచిది:

* దుకాణంలో కాగితం ముక్క మీద చూసి కొనకండి. చేతికి రాసుకుని ఊరంతా తిరిగి, సాయంత్రం నచ్చితే కొనండి. పచ్చి పరిమళాల విషయంలో ఇది మరీ ముఖ్యం.

* చల్లుకున్నాక మణికట్లు రెండూ రుద్దవద్దు. మొదటి మెట్టు త్వరగా చెదిరిపోతుంది.

* దురద, దద్దుర్లు వచ్చే చర్మమైతే ముందు మోచేతి మడతలో కొద్దిగా రాసి ఒకరోజు చూడండి.

* కిటికీలు మూసిన పెట్టెలో, బస్సులో కూర్చునే ముందు ఒక్కసారి చల్లుకుంటే చాలు.

* తేనెపట్లు ఉండే అడవిదారుల్లోకి ఘాటైన సెంటుతో వెళ్లకండి. తేనెటీగలు పెంచేవాళ్లు పాటించే జాగ్రత్త ఇది.

* సీసాను ఎండ తగిలే కిటికీలో, వేడి ఉండే స్నానాలగదిలో కాకుండా బీరువాలో ఉంచండి.

మర్నాడు పొద్దున్నే కోడలు స్నానం చేసి వచ్చింది. అలవాటు కొద్దీ సంచిలోంచి సీసా తీసింది. కిటికీలోంచి కొండవాలు కనిపిస్తోంది. పూత విచ్చి అప్పటికి రెండు రోజులు. చుట్టాలబ్బాయి చెప్పిన లెక్క ప్రకారం ఇంకొక్క రోజే మిగిలింది.

సీసాను అలాగే మళ్లీ సంచిలో పెట్టేసింది.

''పదండి అత్తయ్యా, ఎండెక్కకముందే తోటలోకి వెళ్లొద్దాం. నిన్న నాకు పువ్వు వాసన తెలియనేలేదు'' అంది.